టెంటు నీడ ఎరగని పెద్దమనిషి

సీతాలంక మున్సిపాలిటీవారు ఒక మంచిరోజు చూసుకుని ఉత్తర్వు ఒకటి జారీ చేశారు. ఇకమీదట పట్టణంలో ఏ వీధిలో టెంటు వెయ్యాలన్నా పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. టెంటు దేనికి, ఏ తేదీన, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు అన్నది విడమరిచి రాయాలి. పెళ్ళిళ్ళవాళ్ళకి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, ముహూర్తం నెలల ముందే తెలుస్తుంది. బారసాలకీ గృహప్రవేశానికీ కూడా ఎలాగో సర్దుకోవచ్చు. వచ్చిన చిక్కల్లా చావుతోనే.

శ్రీ సత్యదేవా టెంట్ హౌస్ యజమాని గుబ్బల తాతారావు ఈ కబురు విని, ఎవరో సరదాకి పుట్టించిన మాటనుకున్నాడు. తీరా మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే నోటీసు బోర్డు మీద గుండ్రటి ముద్రతో సహా ఉంది. లోపల గుమస్తా ఫ్యాను కింద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

"పోయినోళ్ళ ఇంటి ముందు ఏసే టెంటుకి కూడానాండీ?" అని అడిగాడు తాతారావు.

"ఉత్తర్వులో 'ఏ టెంటైనను' అని ఉంది. చదువుకోలేదా?"

"చదివానండి. మరి ఎవరు ఎప్పుడు పోతారో పదిహేను రోజుల ముందు ఎలా తెలుత్తాదండీ?"

గుమస్తా ఒక పల్లీని నోట్లో వేసుకుని తాపీగా నమిలాడు. "అది దరఖాస్తుదారు చూసుకోవలసిన విషయం. ఆఫీసుకి సంబంధం లేదు."

తాతారావు ఉండేది సున్నపుబట్టీ వీధిలో. అక్కడి ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉంటాయి. మనిషి పోతే లోపల పడుకోబెట్టే చోటుండదు, వీధిలోకి తేవాల్సిందే. వచ్చిన చుట్టాలు కూర్చుని ఏడవాలన్నా వీధే గతి. కబురందిన అరగంటలో కర్రలు పాతి బట్ట కట్టడం తాతారావుకి వాళ్ళ నాన్న నేర్పిన మర్యాద. పెళ్ళి టెంటు కాస్త ఆలస్యమైతే తిడతారు, మర్చిపోతారు. చావు టెంటు ఆలస్యమైతే మాత్రం ఎవరూ తిట్టరు, మర్చిపోరు కూడా.

ఉత్తర్వు వచ్చిన వారం తిరక్కుండానే రిక్షా గంగరాజు భార్య పోయింది. చైత్రమాసమైనా ఎండ మాత్రం అగ్గి కురుస్తోంది. తాతారావు బండిలోంచి కర్రలు దించాడో లేదో, మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చి కర్రలూ బట్టా తాళ్ళూ ఎత్తుకుని పోయింది. వీధిలో ఆడవాళ్ళు నలుగురు ఒక దుప్పటి తెచ్చి, తలా ఒక కొస పట్టుకుని శవం మీద నీడ పట్టారు. చేతులు లాగినప్పుడల్లా మనుషులు మారుతూ, సాయంత్రం పాడె లేచేదాకా అలాగే నిలబడ్డారు. మొదటి కొస పట్టుకున్న ముసలి మంగమ్మ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

గంగరాజు ఏడవలేదు. తాతారావు వైపు చూసి, "నువ్వేంటయ్యా, ఒట్టి చేతుల్తో నిలబడ్డావు?" అన్నాడు, అంతే.

ఆ పూట తాతారావుకి అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేశాడు. భార్య నాగరత్నం కంచం తీస్తూ, "తినకపోతే ఉత్తర్వు పోద్దా ఏంటి? పోయేదారి చూడండి," అంది.

పోయేదారి ఒక్కటే ఉంది. అభ్యంతరాలు ఏమైనా ఉంటే మే నెలాఖరులోగా తెలపవచ్చునని నోటీసు అడుగున సన్నటి అక్షరాల్లో వేశారు. అయితే వ్యక్తుల అభ్యంతరాలు స్వీకరించరు, గుర్తింపు పొందిన సంఘాల తీర్మానాలు మాత్రమే స్వీకరిస్తారు. సంఘం ఒకటుంది. దాని పేరు జిల్లా టెంట్ హౌస్ యజమానుల సంక్షేమ సంఘం. లాభాపేక్ష లేని సంస్థ అని బోర్డు మీద రాసి ఉంటుంది. దాని అధ్యక్షులు కలిదిండి నరసరాజుగారు. జిల్లా మొత్తం మీద ఆయన గోడౌనే పెద్దది.

"బోర్డులో చర్చించి తీర్మానించాలండి తాతారావు గారూ," అన్నారు రాజుగారు. "బోర్డులో రెండు ఖాళీలున్నాయి. మీరే వచ్చేయొచ్చు కదా?"

తాతారావు నామినేషన్ వేశాడు. కుర్చీలు, లైట్లు సప్లై చేసే మస్తాన్ వలి కూడా వేశాడు. మూడోవాడు లేడు కాబట్టి ఇద్దరూ ఏకగ్రీవంగా గెలిచారు. నాగరత్నం మొగుడికి దిష్టి తీసి మరీ పంపింది. తీర్మానం చేయించుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని చెప్పి బయల్దేరాడు, పిచ్చి మనిషి!

అయితే ఆ మధ్య నరసరాజుగారు ఏదో మహానగరంలో, ఏదో స్టార్ హోటల్లో, లాభాపేక్ష లేని సంస్థల సుపరిపాలన మీద జరిగిన సదస్సుకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మాత్రం మెడలో బిళ్ళ, చేతిలో సంచి, వెనకాల ఆ సదస్సులో పాఠాలు చెప్పిన డాక్టర్ పరాంకుశంగారితో దిగారు. అంతకుముందు బోర్డు మీటింగంటే ఎవరో ఒకరి గోడౌన్లో పులిహోర తిని, గట్టిగా నాలుగు అరుపులు అరుచుకుని, పని తేల్చుకుని లేవడమే. ఇప్పుడు కొత్త సభ్యులకి ముందు 'దిశానిర్దేశ శిక్షణ' జరగాలన్నారు. అది పూర్తయ్యేదాకా కొత్తవాళ్ళు నోరెత్తడానికి లేదు. పాతవాళ్ళకి ఇన్నాళ్ళూ శిక్షణ జరగలేదు కాబట్టి వాళ్ళు కూడా కొత్తవాళ్ళే అని పరాంకుశంగారు తేల్చారు.

శిక్షణకి వెళ్ళేసరికి సంఘం హాల్లో అందరూ నేలమీద కూర్చుని ఉన్నారు.

"కుర్చీలేవండీ?" అన్నాడు మస్తాన్. "నా షాపు పక్క వీధే కదా, ఫోన్ కొడితే ఐదు నిమిషాల్లో దింపేత్తారు."

పరాంకుశంగారు చెయ్యెత్తి వారించారు. ఆయనది సన్నటి గొంతు, పెద్ద మాటలు. "మిత్రమా, మీరు సభ్యులు. మీ కుర్చీలను సంఘం వాడుకుంటే అది ప్రయోజన సంఘర్షణ."

"పోనీ ఊళ్ళో మన సభ్యత్వం లేనోడు ఒకడున్నాడండి, ఆడి దగ్గర తెప్పించండి."

"అది సంఘం పట్ల విశ్వాసరాహిత్యం!"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. జిల్లాలోని కుర్చీలన్నీ ఎవరివో ఆ మహానుభావులంతా చాప కూడా లేని నేలమీద మఠం వేసుకుని కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు గోడకి జారబడ్డారు.

పరాంకుశంగారు తెల్లబోర్డు మీద మూడు మాటలు రాశారు. శ్రద్ధ, విశ్వాసం, విధేయత. బోర్డు సభ్యుడికి ఈ మూడూ మూడు కళ్ళన్నారు. ఒక్కొక్క కన్ను గురించి ఒక్కొక్క పూట చెప్పారు. తాతారావు ఓపిగ్గా విన్నాడు. పరీక్ష పెడితే రాసేద్దామని తయారుగా కూడా ఉన్నాడు. చివరికి ఆయన తాతారావు వైపు తిరిగి, "మీరు ఏ ఉద్దేశంతో బోర్డులోకి ప్రవేశించారు?" అనడిగారు.

"టెంట్ల గురించండీ."

"మీకు టెంట్లున్నాయా?"

"ఆయ్, ఉన్నాయండి. అందుకేగా వచ్చాను."

పరాంకుశంగారు కళ్ళు మూసుకున్నారు. దగ్గరివాళ్ళెవరో పోయినంత బాధ కనిపించింది ముఖంలో. "చూశారా అధ్యక్షా! మన సంస్థలకు పట్టిన చీడ ఇదే. ఏ విషయంలో తనకు ప్రయోజనం ఉందో, ఆ విషయంలో సభ్యుడు నోరు విప్పరాదు."

"మరి ఏ విషయంలో ఇప్పాలండీ?"

"ప్రయోజనం లేని విషయంలో."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊళ్ళో అంటారు. పరాంకుశంగారి శాస్త్రంలో మాత్రం దురద ఉన్న కంద పక్కకి తప్పుకోవాలి, నిర్ణయాలన్నీ కత్తిపీటే చెయ్యాలి. పాత సభ్యులు చెంపలు వేసుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా టెంట్లున్నవాళ్ళమై ఉండీ టెంట్ల గురించే మాట్లాడుతున్నామే, ఎంత పాపం చేశామని కుమిలిపోయారు. నరసరాజుగారికైతే కళ్ళనీళ్ళు తిరిగాయి.

తర్వాతి వారం బోర్డు సమావేశం. సంఘం గుర్తులో గొడుగు ఎర్రగా ఉండాలా నీలంగా ఉండాలా అన్నది మొదటి అంశం. దానిమీద ఎవరికీ ప్రయోజనం లేదు కనుక అందరూ గొంతు చించుకుని మాట్లాడారు. 'ప్రపంచస్థాయి నీడే మా ధ్యేయం' అన్న వాక్యం చివర చుక్క పెట్టాలా వద్దా అన్నది రెండోది. అదీ అయింది. మూడో అంశంగా మున్సిపాలిటీ ఉత్తర్వు రాగానే తాతారావు పంచె సర్దుకుని లేచాడు.

"టెంట్లు గల సభ్యులు దయచేసి బయటికి వెళ్ళగలరు," అన్నారు పరాంకుశంగారు.

అధ్యక్షులతో సహా బోర్డంతా లేచి వరండాలోకి నడిచింది. లోపల ఓటు లేని పరాంకుశంగారొక్కరే మిగిలారు. తలుపు మూసుకుంది.

ఇహ వరండాలో చూడాలి! అంత చక్కటి చర్చ ఆ సంఘం చరిత్రలో జరగలేదు. చావుకి ముందస్తు దరఖాస్తేంటని ఒకడు, మా వీధిలో శవం మీద కొబ్బరిమట్టలు కప్పారని ఒకడు, అభ్యంతరం ఇవాళే పంపాలని మరొకడు. నరసరాజుగారైతే, "అన్యాయమండీ! ఒళ్ళు మండిపోతోంది నాకు," అని స్తంభాన్ని గుద్దారు. చేతులెత్తమంటే అన్ని చేతులూ లేచాయి.

"మరింకేం, ఇదే తీర్మానం. రాసేద్దాం," అన్నాడు మస్తాన్.

"వరండా బోర్డు కాదు కదండీ," అన్నారు రాజుగారు విచారంగా.

తలుపు తెరుచుకుంది. అందరూ లోపలికి వెళ్ళారు. పరాంకుశంగారు మినిట్స్ చదివారు. "మూడవ అంశంపై మాట్లాడుటకు సభ్యులెవరూ ఉత్సాహం చూపనందున వాయిదా వేయడమైనది."

తాతారావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మమ్మల్నందర్నీ బయటికి తోలేత్తే లోపల ఎవడు మాటాడతాడండీ? గోడలా?"

"మంచి ప్రశ్న!" అన్నారు పరాంకుశంగారు ఆనందంగా. "అందుకే మనకు ఒక స్వతంత్ర సభ్యుడు కావాలి."

స్వతంత్ర సభ్యుడంటే టెంట్లు లేనివాడన్నమాట. అలాంటివాళ్ళు ఊరినిండా ఉన్నారు కదా అని తాతారావు ధైర్యంగానే ఉన్నాడు. కానీ టెంటు ఉండకపోతే చాలదట, టెంటువల్ల లబ్ధి పొంది కూడా ఉండకూడదట. టెంటు కింద పెళ్ళి చేసుకున్నవాడు, టెంటు కింద భోంచేసినవాడు, టెంటు కింద ఏడ్చినవాడు, అందరికీ టెంటు మీద మమకారం ఉంటుంది కాబట్టి పనికిరారు. రిటైరైన హెడ్మాస్టరుగారు జెండా పండక్కి టెంటు కింద ఉపన్యాసం ఇచ్చారని తీసేశారు. పళ్ళ డాక్టరుగారి పెళ్ళి ఫోటోలో వెనకాల షామియానా అంచు కనిపించింది. సన్యాసి అయితే బాగుంటాడని ఒక స్వామిని పట్టుకొచ్చారు గానీ, జిల్లాలోకెల్లా పెద్ద టెంటు ఆయన ప్రవచనాలకే వేస్తారని మస్తాన్ నోరు జారాడు.

వెతగ్గా వెతగ్గా మిరియాల జోగారావుగారు దొరికారు. ఓడల్లో ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన మనిషి. పెళ్ళి రిజిస్టరు ఆఫీసులో చేసుకున్నారు. ఎవరింట్లో పెళ్ళయినా వెళ్ళరు, ఎవరింట్లో చావైనా వెళ్ళరు. గేటుకి తాళం, చేతిలో నల్ల గొడుగు, ఎవరైనా పలకరిస్తే ఒక తలూపు. ఆయన్ని ఊరు రాతిమనిషి అనేది. బోర్డు స్వతంత్ర సభ్యుడంది.

జోగారావుగారు నిజాయితీపరుడు. ఉత్తర్వు మొత్తం కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఎవరూ లేని గదిలో ఒక్కరే కూర్చుని ఆలోచించారు. తర్వాత తలుపు తీసి, "ఉత్తర్వు సబబుగానే ఉందయ్యా," అన్నారు. "ఎండైతే గొడుగు వేసుకోవచ్చు. ఓడ మీద మాకెవరు వేశారు టెంట్లు? పదిహేను రోజులు కూడా తక్కువే. నెలరోజులు చేస్తే ట్రాఫిక్కి ఇంకా మంచిదని రాద్దాం."

"నిష్పాక్షికత!" అన్నారు పరాంకుశంగారు గద్గదంగా.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తాతారావు నెత్తి పట్టుకున్నాడు. అభ్యంతరం పంపడానికని వెళ్తే ఇప్పుడు సంఘమే ఉత్తర్వుని మెచ్చుకుంటూ తీర్మానం పంపబోతోంది! ఇంటికెళ్ళి నాగరత్నంతో చెప్పాడు. "ఈసారి గంగరాజుకి మొహం ఎలా చూపిత్తారు?" అంది. తాతారావు రెండు రోజులు గంగరాజుకి కనబడకుండా వెనకసందు దారిన తిరిగాడు.

తీర్మానం మీద జోగారావుగారు సంతకం చెయ్యాలంటే ముందు కొత్త సభ్యులందరి ప్రమాణస్వీకారం అవ్వాలి. అది నెలాఖరుకి ముందురోజు పెట్టారు. రోహిణికార్తె. రోళ్ళు పగిలే ఎండ. టెంట్ హౌస్ యజమానుల సంఘం ప్రమాణస్వీకారం కదా, టెంటు వేస్తారనుకుంటారేమో మీరు. సభ్యులదైతే సంఘర్షణ, బయటివాళ్ళదైతే విశ్వాసరాహిత్యం. మిట్టమధ్యాహ్నం ఆరుబయట అందరూ వరసగా నిలబడ్డారు.

ప్రమాణాలు అయ్యాక, సంతకానికి ముందు, నరసరాజుగారు పారదర్శకత మీద ఉపన్యాసం ఎత్తుకున్నారు. చొక్కా తడిసి వంటికి అంటుకుపోయింది. మాట తడబడుతోంది. పక్కనే ఉన్న జోగారావుగారు తన గొడుగు ఆయన మీదికి వంచారు.

"వద్దండి," అన్నారు రాజుగారు పక్కకి జరుగుతూ. "మీరు స్వతంత్ర సభ్యులు. మీ గొడుగు నీడలో నేనుంటే మీ స్వతంత్రత ఏమైపోతుంది?"

ఆ మాటకి పరాంకుశంగారు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేలోపే రాజుగారు నిలువునా కూలిపోయారు. వడదెబ్బ. ఆసుపత్రిలో చెయ్యగలిగిందంతా చేశారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

ఆయన మంచివాడు. తాతారావు తొలిసారి టెంటు కొనుక్కున్నప్పుడు కర్రలు ఊరికే ఇచ్చిన మనిషి. ఎవడో చెప్పిన నాలుగు మాటలు తలకెక్కించుకుని నిండు ప్రాణం పోగొట్టుకున్నాడని తాతారావు వెక్కి వెక్కి ఏడ్చాడు.

రాజుగారి ఇల్లు మార్కెట్ రోడ్డులో, షాపు పైన మేడ. ఇరుకు మెట్లు. కాబట్టి శవాన్ని కింద, షాపు ముందు రోడ్డువార బల్లమీద పడుకోబెట్టారు. ఎండ ముఖం మీద పడుతోంది. వెనకాల గోడౌన్ నిండా ఆయన టెంట్లే. బోర్డంతా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది గానీ ఒక్కడూ కదల్లేదు.

"ఆయన టెంట్లే తీసి వెయ్యొచ్చు కదండీ?" అని ఎవరో గొణిగారు.

పరాంకుశంగారు తల అడ్డంగా ఊపారు. "అప్పుడు దివంగత అధ్యక్షులే లబ్ధిదారులవుతారు. పైగా మున్సిపాలిటీకి పదిహేను రోజుల..."

రాజుగారి భార్య బల్ల పక్కనుంచి తలెత్తింది. "ఏమండీ తాతారావు గారూ, జిల్లా అంతటికీ నీడ పట్టిన మనిషండీ. ఇలా ఎండలో పడుకోబెట్టి చూస్తున్నారేంటండీ మీరంతా?"

తాతారావుకి గంగరాజు మాట చెవుల్లో గింగురుమంది. అతను ఇంకెవర్నీ అడగలేదు. నాగరత్నానికి ఫోన్ చేసి బండి పంపమన్నాడు. బండితోపాటు నాగరత్నం కూడా వచ్చింది, మజ్జిగ బిందె పట్టుకుని. తాతారావే గునపం తీసుకుని గోతులు తవ్వాడు. మస్తాన్ ఒకసారి పరాంకుశంగారి వైపు, ఒకసారి శవం వైపు చూశాడు. "ఏదైతే అదైంది అన్నా," అని చొక్కా విప్పి తాడు అందుకున్నాడు. కాసేపట్లో టెంటు లేచింది, కింద కుర్చీలు పడ్డాయి.

"తాతారావు గారూ, ఇది స్పష్టమైన ప్రయోజన సంఘర్షణ!" అన్నారు పరాంకుశంగారు.

"సంఘర్షణ ఏం లేదండి. ప్రయోజనం మాత్రం ఉంది. ఆ మారాజు ఎండలో ఎండిపోతుంటే నేను చూడలేను. అదేనండి నా ప్రయోజనం. రాసుకోండి."

మున్సిపల్ ఇన్‌స్పెక్టరు మోటారు సైకిలు మీద దిగాడు. "ఎవరయ్యా ఇది వేసింది? దరఖాస్తేదీ?"

"పోయినాయనే పెట్టుకోవాలండి," అంది నాగరత్నం గ్లాసు అందిస్తూ. "ఆయనకి ఖాళీ దొరకలేదు. నిన్నటిదాకా మీటింగుల్లో ఉన్నారు."

ఇన్‌స్పెక్టరు ఏదో అనబోయాడు. మజ్జిగ చల్లగా ఉంది. తాగడానికి ఒక్క అడుగు నీడలోకి వేశాడు, వేసినవాడు కుర్చీలో కూలబడి మెడ తుడుచుకున్నాడు. బోర్డు సభ్యులు మాత్రం శిక్షణ పొందినవాళ్ళు కదా, టెంటు అంచుకి జానెడు దూరంలో, ఎండలోనే వరసగా నిలబడ్డారు.

అప్పుడు జోగారావుగారు వచ్చారు. ఎవరి చావుకీ వెళ్ళని మనిషి, తన గొడుగు కాదన్నవాడి చావుకి వచ్చారు. తారు రోడ్డు సెగకి కాళ్ళు నిలవడం లేదు, గొడుగు ఒక పక్కకి ఒరిగిపోతోంది. నాగరత్నం గబగబా వెళ్ళి, "రండి బాబుగారూ, పడిపోతారు," అని రెక్క పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. గొడుగు తీసుకుని మూసి పక్కన పెట్టింది.

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. తలెత్తి పైన బట్టవంక చూశారు. పక్క కుర్చీలో ఎవరో తెలియని ముసలాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు, పలకరింపుగా.

"చల్లగా ఉందే," అన్నారు జోగారావుగారు. "మా ఆవిడ పోయినప్పుడు నేనిది వేయించలేదయ్యా. ఎందుకులే అనుకున్నాను. వచ్చినవాళ్ళు గేటు దగ్గరే ఓ నిమిషం నిలబడి వెళ్ళిపోయారు. కూర్చోమనడానికి చోటేదీ?" అని కండువాతో ముఖం కప్పుకున్నారు.

ముందుగా తేరుకున్నది మస్తానే. "అన్నా! కూర్చున్నారు!" అని కేక పెట్టాడు. "టెంటు కింద కూర్చున్నారు! లబ్ధి పొందేశారు!"

పరాంకుశంగారి ముఖం పాలిపోయింది. జిల్లాలో ఉన్న ఒకే ఒక్క స్వతంత్రుడు చేజారిపోయాడు. ఆయన సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసి పేజీలు తిరగేశారు. అందరికీ ప్రయోజనం ఉంటే ఏం చెయ్యాలో అందులో ఎక్కడా లేదు.

"ఏముందండీ, అందరికీ ఉన్నప్పుడు ఎవరూ బయటికి పోనక్కర్లేదు," అన్నాడు తాతారావు. "ఇక్కడ వరండా కూడా లేదు. రండి లోపలికి."

బోర్డు లోపలికి వచ్చింది. రాజుగారి పక్కనే, ఆయన భార్య ఎదుటే, వరండాలో ఎత్తిన చేతులన్నీ మళ్ళీ లేచాయి. తీర్మానం జోగారావుగారే చక్కటి దస్తూరీతో రాసి ముందుగా సంతకం చేశారు. గడువుకి అదే ఆఖరి రోజు. ఇన్‌స్పెక్టరు అక్కడే ఉన్నాడు కాబట్టి చేతికే ఇచ్చారు. అతను రెండో గ్లాసు మజ్జిగ తాగుతూ ఉండడం వల్ల కాదనలేకపోయాడు.

నెల తిరిగాక జవాబు వచ్చింది. 'సంఘంవారి అభ్యంతరాన్ని, ప్రజల మనోభావాలను సానుభూతితో పరిశీలించిన మీదట, మరణాల విషయంలో మాత్రం పదిహేను రోజుల గడువును పది రోజులకు తగ్గించడమైనది. దరఖాస్తుపై కార్యక్రమానికి ముఖ్యులైన వ్యక్తి స్వయంగా సంతకం చేయవలెను.'

బోర్డు సంబరపడిపోయింది. ఐదు రోజులు తగ్గడమంటే మాటలా అన్నారు. పరాంకుశంగారు దీన్ని సుపరిపాలన విజయంగా వర్ణించి, దీనిమీద ప్రసంగించడానికి ఇంకో మహానగరానికి వెళ్ళారు. తాతారావుకి సన్మానం చేస్తామన్నారు. నీడలో చేస్తారో ఎండలో చేస్తారో ముందు తేల్చుకోమని చెప్పి తాతారావు ఇంటికొచ్చేశాడు.

ఆ సాయంత్రం సున్నపుబట్టీ వీధిలో అరుగు మీద కూర్చుని అందరికీ ఆ జవాబు చదివి వినిపించాడు. గంగరాజు తల దించుకున్నాడు. ముసలి మంగమ్మ మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విని, "అయితే నేనే ఎల్లి సంతకం ఎట్టాలా? ఎడతాను. పొద్దున్నే తీసుకెల్లరా," అంది.

మర్నాడు మున్సిపల్ ఆఫీసు ముందు సున్నపుబట్టీ వీధి మొత్తం వరస కట్టింది. ముందు మంగమ్మ, పక్కన తాతారావు. గుమస్తా కాగితం ముందుకి లాక్కుని పెన్ను తీశాడు.

"కార్యక్రమం?"

"నేను పోటం."

గుమస్తా తలెత్తి చూశాడు. మంగమ్మ నవ్వలేదు. అతను రాసుకున్నాడు.

"తేదీ?"

"అదెలా తెలుత్తాది నాయనా?"

"తేదీ లేకపోతే తీసుకోరమ్మా. అది దరఖాస్తుదారు చూసుకోవాలి."

"నాకు చదువు రాదు, తిథులూ తెలవు. సదూకున్నోడివి, నువ్వే ఓ మంచిరోజు చూసి ఎయ్యి. ఆ రోజుకి పోతాలే. మాట తప్పను."

గుమస్తా నవ్వబోయి ఆగిపోయాడు. గోడమీద కేలెండరు వైపు చూశాడు, ముసలమ్మ వైపు చూశాడు. ఆమె వేలికి సిరా పూసుకుని, వేలిముద్ర వెయ్యడానికి సిద్ధంగా నిలబడి ఉంది. వెనకనుంచి ఎవరో, "తొరగా కానీ బాబూ, మా అందరికీ కూడా ఎయ్యాలి," అన్నారు. గుమస్తా పెన్ను ఖాళీ గడి మీదికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"నా వల్ల కాదమ్మా," అన్నాడు చివరికి. "ఇంటికెళ్ళండి."

"మరి టెంటూ?"

అతను చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి తాతారావుతో అన్నాడు. "వేసుకోండయ్యా. ఎవరూ రారు. నేను చెప్తాను."

ఉత్తర్వు మాత్రం ఇప్పటికీ నోటీసు బోర్డు మీద అలాగే ఉంది, ముద్రతో సహా. మంగమ్మ మెట్లు దిగుతూ సిరా వేలిని చీర చెంగుకి తుడుచుకుంది.

"తాతారావూ, ఆ గుమస్తా కుర్రోడు మంచోడేరా," అంది. "నిండా నూరేళ్ళూ బతకనీ. ఆ తరవాత ఆడి టెంటు కూడా నువ్వే ఎయ్యాల."